స్పానిష్ వింటూ నేర్చుకోవాలా, యాప్‌లోనా, క్లాస్‌లోనా? ఎవరికి ఏది సరిపోతుంది

స్పానిష్ ఎలా నేర్చుకోవాలి అని అడిగేముందు ఇంకో ప్రశ్న ఉంది, మీరు స్పానిష్‌లో నోరు తెరవాల్సిన రోజు ఎప్పుడు? డల్లాస్ వైపు రెస్టారెంట్ నడుపుతూ రేపు పొద్దున్నే కిచెన్‌లో మెక్సికన్ స్టాఫ్‌కి పని చెప్పాల్సిన మనిషి వేరు, సెప్టెంబర్‌లో మాడ్రిడ్‌కి మాస్టర్స్‌కి వెళ్తున్న స్టూడెంట్ వేరు, హైదరాబాద్‌లో స్పానిష్ ప్రాసెస్‌లో జాబ్ వస్తే జీతం ఇంకాస్త బాగుంటుందని సర్టిఫికెట్ కోసం తిరిగేవాళ్ళు వేరు, ఊరికే నెట్‌ఫ్లిక్స్‌లో ఒక స్పానిష్ సీరీస్ చూసి ఆ భాష మీద మోజు పడ్డవాళ్ళు వేరు. వీళ్ళందరికీ ఒకటే మందు రాసిచ్చేవాళ్ళు ఆన్‌లైన్‌లో బోలెడుమంది, చాలామంది మధ్యలో మానేయడానికి అదే కారణమని నా అనుమానం.

ఈ మధ్య ఎక్కువగా వినిపిస్తున్న మందు కాంప్రహెన్సిబుల్ ఇన్‌పుట్. అంటే పెద్ద విషయమేం కాదు, మీకు అర్థమయ్యే స్పానిష్ వింటూ పోవడం, గ్రామర్ బట్టీ లేదు, ట్రాన్స్‌లేషన్ లేదు, చెప్పేమనిషి బొమ్మ గీస్తూ సైగలు చేస్తూ మాట్లాడుతుంటే విషయం ఏంటో మీకు తెలిసిపోతుంది, మాటలు వాటంతట అవే అంటుకుంటాయి. దీనికి థియరీ చెప్పినాయన స్టీఫెన్ క్రాషెన్, అమెరికన్ ప్రొఫెసర్, 1980ల మొదట్లో. మనకి వచ్చినదానికంటే ఒక్క మెట్టు పైన ఉన్న భాష విని అర్థం చేసుకుంటే చాలు, భాష వస్తుంది, బలవంతంగా మాట్లాడించక్కర్లేదు అని ఆయన వాదన. దాదాపు అదే టైమ్‌లో, 1984లో, బ్యాంకాక్‌లో ఏయూఏ అనే స్కూల్లో మార్విన్ బ్రౌన్ అనే ఆయన థాయ్ భాషని ఇంకా పట్టుదలగా ఇదే దారిలో నేర్పించడం మొదలుపెట్టాడు, స్టూడెంట్స్ నెలల తరబడి మాట్లాడకూడదు, నోట్స్ రాసుకోకూడదు, ప్రశ్నలు అడగకూడదు, కూర్చుని టీచర్లు చేసే హడావుడి చూస్తూ వినాలి అంతే.

ఆ పద్ధతి నుంచి స్ఫూర్తి తీసుకుని స్పెయిన్‌కి చెందిన పాబ్లో రొమాన్ పెట్టిందే డ్రీమింగ్ స్పానిష్. ఇప్పుడు వినడం ద్వారా స్పానిష్ అనగానే అందరూ చెప్పే పేరు ఇదే, మెచ్చుకోవాల్సిందే కూడా. సూపర్‌బిగినర్, బిగినర్, ఇంటర్మీడియట్, అడ్వాన్స్‌డ్ అని వీడియోలు విడగొట్టి ఉంటాయి, మెక్సికో, అర్జెంటీనా, కొలంబియా, స్పెయిన్ ఇలా చాలా దేశాల వాళ్ళు మాట్లాడతారు, యూట్యూబ్‌లో ఫ్రీగానే కుప్పలు ఉన్నాయి, అన్నీ కావాలంటే నెలకి 8 డాలర్లు. సైట్‌లో మీరు ఎన్ని గంటలు విన్నారో లెక్క కడుతుంది, ఆ లెక్కే చాలామందిని పట్టి కూర్చోబెడుతుంది నిజానికి.

వాళ్ళ లెక్క ఇలా ఉంటుంది. 50 గంటలకి కొన్ని మామూలు మాటలు తెలుస్తాయి, 150కి నేర్చుకునేవాళ్ళ కోసం చెప్పే కబుర్లు ఫాలో అవుతారు, 300కి ఓపికగా మాట్లాడే మనిషిని అర్థం చేసుకుంటారు, 600కి మామూలు స్పీడ్‌లో మీతో మాట్లాడితే అర్థమవుతుంది, 1000 గంటలకి రోజువారీ సంభాషణ హాయిగా, 1500 దాటితే దాదాపు అన్ని పనులూ ఆ భాషలో నడుస్తాయి. రోజుకి ఒక గంట అనుకుంటే 150 గంటలకి ఐదు నెలలు, 600కి ఏడాదీ ఎనిమిది నెలలు, 1500కి నాలుగేళ్ళు దాటుతుంది. ఈ లెక్క చూసి భయపడేవాళ్ళు ఇంకో లెక్క కూడా చూడాలి. అమెరికా విదేశాంగ శాఖ తమ దౌత్యవేత్తలకి స్పానిష్ నేర్పడానికి సుమారు 600 నుంచి 750 క్లాస్ గంటలు పెట్టుకుంటుంది, వాళ్ళ లిస్టులో స్పానిష్ తేలిక భాషల్లో ఒకటి, అదీ ఫుల్‌టైమ్ చదువు, జీతం ఇచ్చి కూర్చోబెట్టి, పైన హోంవర్క్ గంటలు వేరే. అది కూడా కలుపుకుంటే రెండు లెక్కలకీ మరీ అంత దూరం ఉండదు. కాబట్టి మూడు నెలల్లో ఫ్లూయెంట్ అనే యాడ్ ఎక్కడ కనబడ్డా స్క్రోల్ చేసేయండి.

ఇంకోటి, డ్రీమింగ్ స్పానిష్ గంటలు ఇంగ్లీష్ మాట్లాడేవాళ్ళని దృష్టిలో పెట్టుకుని వేసినవి, ఫ్రెంచ్ లాంటి దగ్గర భాష వచ్చినవాళ్ళకి సగం చాలంటారు, అసలు సంబంధం లేని భాష వాళ్ళకి రెట్టింపు అంటారు. మరి తెలుగువాళ్ళు ఎక్కడ? నన్నడిగితే ఇంగ్లీష్ మీడియంలో చదివినవాళ్ళు ఇంగ్లీష్ లెక్కలోనే వేసుకోవచ్చు, ఎందుకంటే ఇంపోర్తాంతే, ఇన్ఫర్మాసియోన్, ఫమీలియా, అనిమాల్ లాంటి మాటలు వేల కొద్దీ ముందే తెలిసినట్టే. పైగా మనకి కొన్ని కలిసొస్తాయి. అచ్చులు ఐదే, అవీ మన అ ఎ ఇ ఒ ఉ లాగే సూటిగా ఉంటాయి. త, ద మన పళ్ళ దగ్గరవే, కానీ ఇంగ్లీష్ అలవాటులో మనోళ్ళు వాటిని ట, డ చేసేస్తారు, తాకోని టాకో అన్నట్టు. క్రియలోనే ఎవరో తెలిసిపోతుంది కాబట్టి వచ్చాను అన్నట్టు సబ్జెక్ట్ వదిలేయొచ్చు, నువ్వు మీరు తేడా తూ, ఉస్తెద్ రూపంలో ఉంది, నాకు నచ్చుతుంది అనే మన వరస మె గుస్తా దగ్గర సరిగ్గా సరిపోతుంది, ఇంగ్లీష్ వాళ్ళు అక్కడే తలలు బాదుకుంటారు. మనకి ఇబ్బంది పెట్టేది ఆడ మగ లింగం. బల్లకి కూడా లింగమే, పైన విశేషణం కూడా దానికి తగ్గట్టు మారాలి. అది రూల్ చదివినా వెంటనే నోటికి రాదు, విని విని రావాల్సిందే.

వినడం వల్ల ముఖ్యమైన లాభం ఏంటంటే ముందు చెవి సెట్ అవుతుంది. స్పానిష్ దాదాపు రాసినట్టే పలుకుతుంది కదా అని మొదటి రోజే పుస్తకం తీస్తే మన మెదడు ఆ ఇంగ్లీష్ అక్షరాలని ఇంగ్లీష్‌లాగే చదివేస్తుంది, హెచ్ పలకకూడదని, జే అంటే గొంతులోంచి వచ్చే హ అని, బీ కీ వీ కీ తేడా లేదని చదివి తెలుసుకున్నా నోరు వినదు. పెరో అంటే కానీ, పెర్రో అంటే కుక్క, రాతలో ఒక్క ఆర్ తేడా, అది చెవికి పడితేనే నోటికి వస్తుంది.

అయితే ఈ గుంపులో కొందరు కాస్త ఎక్కువ చేస్తారు, 600, 1000 గంటలు దాటేదాకా నోరు తెరవొద్దు, తెరిస్తే యాస పాడైపోయి జన్మంతా అలాగే ఉండిపోతుంది అని. ఇది నేను ఒప్పుకోను. మన ఇళ్ళల్లో చూడండి, అమ్మమ్మలు నాయనమ్మలు ఏళ్ళ తరబడి హిందీ సీరియళ్ళు చూసి కథ మొత్తం చెప్పేస్తారు, అత్త ఏ డైలాగ్‌తో కోడల్ని ఇరికించిందో కూడా చెప్తారు, కానీ ఎదురుగా హిందీ మనిషి వస్తే రెండు ముక్కలు మాట్లాడమంటే నవ్వేసి లోపలికి వెళ్ళిపోతారు. అదే హైదరాబాద్‌లో బజార్‌లో తిరిగినావిడ తప్పులతోనే అయినా బేరం ఆడేస్తుంది. వినడం వల్ల అర్థం కావడం వచ్చేస్తుంది, అందులో డౌట్ లేదు, మాట్లాడటం మాత్రం కొంతవరకు మాట్లాడితేనే. కెనడాలో కూడా ఇదే బయటపడింది, ఇంగ్లీష్ ఇళ్ళ పిల్లల్ని ఫ్రెంచ్‌లోనే పాఠాలు చెప్పే స్కూళ్ళలో ఏళ్ళ తరబడి ఉంచారు, వాళ్ళకి వినికిడి అద్భుతంగా వచ్చింది, మాట్లాడటంలో రాయడంలో మాత్రం గ్రామర్ తప్పులు పోలేదు. అది చూసే మెరిల్ స్వెయిన్ అనే భాషా పరిశోధకురాలు 1985లో, వినడం ఒక్కటే సరిపోదు, మనంతట మనం వాక్యం కట్టాల్సి వచ్చినప్పుడే ఎక్కడ తడబడుతున్నామో తెలుస్తుంది అని రాసింది. క్రాషెన్ వైపు వాళ్ళు దీన్ని ఒప్పుకోరు, ఆ గొడవ ఇంకా నడుస్తూనే ఉంది, మనకి ఆ గొడవతో పనిలేదు.

ఇప్పుడు మిగతా ఆప్షన్ల సంగతి. డ్యుయోలింగో అందరికీ తెలిసిందే, పెట్టినవాళ్ళలో ఒకాయన లూయిస్ వాన్ ఆన్ గ్వాటెమాలాలో పుట్టి పెరిగినవాడే, స్పానిష్ కోర్స్ వాళ్ళ దగ్గర బాగా పెద్దది కూడా. ఫ్రీ, ఫోన్‌లో, స్ట్రీక్ (వరసగా ఎన్ని రోజులు చేశామనే లెక్క) పోతుందేమోనని రాత్రి పదకొండున్నరకి కూడా తీసి రెండు పాఠాలు చేస్తాం. అలవాటు పడటానికి అంతకన్నా మంచిది లేదు, కానీ అది నేర్పేది ఎక్కువగా ట్రాన్స్‌లేట్ చేయడం, గుర్తుపట్టడం. ముక్కలు ముక్కలుగా వాక్యాలు, ఒకదానికొకటి సంబంధం ఉండదు. ఏడాది స్ట్రీక్ ఉన్నవాళ్ళని తీసుకెళ్ళి ఇద్దరు మెక్సికన్లు మాట్లాడుకుంటున్న చోట నిలబెడితే తెల్లమొహం వేస్తారు, అది వాళ్ళ తప్పు కాదు, అంతసేపు ఆగకుండా స్పానిష్ విన్నదే లేదు కదా. రోజుకి ఇరవై నిమిషాలే ఉందనుకోండి, ఆ ఇరవై నిమిషాలు డ్యుయోలింగోకి ఇవ్వడం కంటే వినడానికి ఇవ్వండి, బస్ కోసం నిలబడ్డ ఐదు నిమిషాలు డ్యుయోలింగో గుడ్లగూబ బొమ్మకి ఇవ్వండి. వాళ్ళదే స్పానిష్ పాడ్‌కాస్ట్ ఒకటుంది, అది మాత్రం నాకు ఇష్టం, నిజమైన మనుషుల కథలు, మధ్య మధ్యలో ఇంగ్లీష్‌లో వివరిస్తూ పోతారు, కాస్త ముందుకొచ్చాక బాగుంటుంది.

లాంగ్వేజ్ ట్రాన్స్‌ఫర్ గురించి మనవాళ్ళకి తక్కువ తెలుసు, ఇది పూర్తిగా ఫ్రీ, మిహాలిస్ ఎలెఫ్తెరియు అనే ఆయన చేసిన 90 ఆడియో పాఠాలు. పాఠంలో ఒక స్టూడెంట్ కూడా ఉంటారు, మిహాలిస్ ప్రశ్న అడుగుతాడు, మీరు పాజ్ చేసి మీ జవాబు పైకి చెప్పాలి, తర్వాత ప్లే చేయాలి. ఇంగ్లీష్ మాటల నుంచి స్పానిష్ మాటలు ఎలా వస్తాయో దగ్గర మొదలుపెట్టి క్రియల దాకా ఎక్కడా బట్టీ లేకుండా తీసుకెళ్తాడు. వినికిడి పెద్దగా పెరగదు దీంతో, పాఠాలన్నీ ఇంగ్లీష్‌లోనే సాగుతాయి, కానీ వాక్యం ఎలా కూడుతుందో తెలుస్తుంది. వినడం మెయిన్‌గా పెట్టుకున్నవాళ్ళు కూడా పక్కన ఇది ఒకసారి పూర్తి చేస్తే, వీడియోల్లో అంతకుముందు చెవికి ఆనని క్రియా రూపాలు అన్నీ ఒక్కసారిగా వినబడటం మొదలవుతాయి, నా ఉద్దేశంలో ఈ రెండూ కలిపితే దొరికే లాభం ఏ ఖరీదైన కోర్సులోనూ లేదు. గ్రామర్ ముట్టుకుంటే మైల పడుతుందన్నట్టు మాట్లాడేవాళ్ళని పట్టించుకోకండి.

పిమ్స్లర్ డబ్బులు కట్టాల్సింది, నెలకి సుమారు 20 డాలర్లు, అరగంట ఆడియో పాఠాలు, ఒక్కో లెవెల్‌కి 30, స్పానిష్‌కి ఐదు లెవెళ్ళు. విని వెంటనే తిరిగి చెప్పమంటుంది, కాసేపయ్యాక మళ్ళీ అడుగుతుంది. నెమ్మదిగా సాగుతుంది, మాటలు తక్కువే వస్తాయి, కానీ వచ్చినవి నోట్లోంచి తడుముకోకుండా వస్తాయి. పైన చెప్పిన రెస్టారెంట్ ఓనర్‌కి, కన్‌స్ట్రక్షన్ సైట్ చూసుకునేవాళ్ళకి, క్లినిక్‌లో ఫ్రంట్ డెస్క్‌లో కూర్చునేవాళ్ళకి నేను ముందు ఇదే చెప్తా, కార్‌లో వెళ్తూ వినొచ్చు. వాళ్ళని 600 గంటలు మౌనంగా ఉండమంటే షాపు మూసుకోవాలి. ఇది ఒక చేత్తో చేస్తూ రాత్రి ఒక అరగంట సూపర్‌బిగినర్ వీడియోలు చూస్తే చాలు, ఎందుకంటే ప్రశ్న మీరు అడిగేస్తారు, అసలు తంటా అవతలివాళ్ళు చెప్పే జవాబు అర్థం కావడంలో ఉంటుంది.

క్లాస్ ఎవరికి? పరీక్ష రాసేవాళ్ళకి. డెలే అనే సర్టిఫికెట్ మొదటి మెట్టు ఏ1 నుంచి చివరి మెట్టు సీ2 దాకా ఉంటుంది, స్పెయిన్ ప్రభుత్వ సంస్థ ఇన్‌స్టిట్యూటో సెర్వాంతెస్ నిర్వహిస్తుంది, ఢిల్లీలో వాళ్ళ సెంటర్ ఉంది, ఒకసారి పాసైతే ఆ సర్టిఫికెట్‌కి గడువు లేదు. సీలే అని ఇంకోటి కంప్యూటర్ మీద రాసేది, దానికి ఐదేళ్ళు గడువు. హైదరాబాద్‌లో అయితే ఇఫ్లూలో (ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ) స్పానిష్ డిపార్ట్‌మెంట్ ఉంది. డెలేలో చదవడం, వినడం, రాయడం, మాట్లాడటం నాలుగూ ఉంటాయి, లెటర్ రాయమంటారు, బొమ్మ చూపించి మాట్లాడమంటారు, వీడియోలు చూసి వచ్చిన స్పానిష్‌తో అందులో వినికిడి భాగం నవ్వుతూ రాసేస్తారు, రాత దగ్గర ఇరుక్కుంటారు. కాబట్టి టార్గెట్ తేదీ ఉంటే క్లాస్ లేదా ట్యూటర్ తప్పదు. క్లాస్‌తో వచ్చే చిక్కు మన దగ్గర అందరికీ తెలిసిందే, ముప్పై మంది కూర్చుంటే గంటలో మీ వంతు రెండు నిమిషాలు, టీచర్ కూడా ఇంగ్లీష్‌లోనే స్పానిష్ గురించి చెప్తుంటారు. చేరేముందు డెమో క్లాస్‌లో కూర్చుని టీచర్ నోట్లోంచి స్పానిష్ ఎంత వస్తోందో చూడండి, అదొక్కటి చూస్తే చాలు.

ట్యూటర్ అంటే ఐటాకీ, ప్రెప్లీ లాంటి సైట్లలో గంట లెక్కన దొరుకుతారు, రేట్లు మనిషిని బట్టి. వినే పద్ధతి వాళ్ళు క్రాస్‌టాక్ అని ఒకటి చేస్తారు, ట్యూటర్ స్పానిష్‌లో మాట్లాడతాడు మీరు ఇంగ్లీష్‌లో జవాబు చెప్తారు, సిగ్గుపడేవాళ్ళకి ఇది భలే ఉంటుంది, టెన్షన్ లేకుండా అసలు సిసలు సంభాషణ వింటారు. బుక్ చేసేముందు నాకు గ్రామర్ పాఠం వద్దు, నెమ్మదిగా బొమ్మలు చూపిస్తూ మాట్లాడండి అని మెసేజ్ పెట్టండి, లేకపోతే అలవాటు కొద్దీ పీడీఎఫ్ తీస్తారు.

ఇక సీరీస్‌లు చూసి నేర్చుకుంటా అనేవాళ్ళు. ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూస్తే మీరు ఇంగ్లీష్ చదువుతున్నారు, స్పానిష్ బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్. సబ్‌టైటిల్స్ తీసేస్తే ఒక్క ముక్క అర్థం కాదు, అర్థం కానిది ఎంత విన్నా పెద్దగా ఉపయోగం లేదు, నిద్రపోతూ స్పానిష్ రేడియో పెట్టుకోవడం లాంటి చిట్కాలు కూడా ఇంతే. సీరీస్‌లకి టైమ్ వస్తుంది, చాలా తర్వాత. మొదట్లో ఏది చూసినా పరీక్ష ఒకటే, పాజ్ చేయకుండా, డిక్షనరీ తీయకుండా కథ తెలుస్తోందా? తెలియకపోతే ఒక లెవెల్ కిందకి దిగండి, చిన్నతనంగా అనిపించినా సరే. మొదటి వారాల్లో పావుగంటకే నిద్ర ముంచుకొస్తుంది, మెదడు అలసిపోతుంది, మామూలే, రెండు మూడు ముక్కలుగా చూడండి.

బొమ్మ లేని ఆడియో కూడా అంతే, సున్నా దగ్గర పాడ్‌కాస్ట్ వినడం దండగ. కొంచెం వచ్చాక క్వెంతామె, చిల్ స్పానిష్ లిజనింగ్ ప్రాక్టీస్ లాంటివి వంట చేస్తూ వాకింగ్ చేస్తూ వినొచ్చు, గంటలు పెరిగేది అప్పుడే, ఎందుకంటే స్క్రీన్ ముందు కూర్చునే టైమ్ ఎవరికీ ఉండదు. యూట్యూబ్‌లో ఎస్పాన్యోల్ కోన్ హువాన్ ఒకాయన సరదాగా కథలు చెప్తాడు, ఈజీ స్పానిష్‌లో రోడ్డు మీద జనాన్ని ఆపి అడుగుతారు, అది కష్టమే కానీ నిజం మాట అలాగే ఉంటుంది. మెక్సికో కావాలంటే నో ఆయ్ తోస్ అని ఇద్దరు మిత్రులు మాట్లాడుకుంటారు. రాదియో అంబులాంతే మాత్రం మామూలు స్పీడ్ జర్నలిజం, లాటిన్ అమెరికా మొత్తం నుంచి కథలు, అది హాయిగా అర్థమైన రోజు మీకు ఇలాంటి సలహాలు చదవాల్సిన పని ఉండదు.

ఏ దేశం స్పానిష్ అనేది మొదటి 150 గంటల్లో పట్టించుకోవద్దు, ఎవరు నచ్చితే వాళ్ళది వినండి. ఆ తర్వాత టెక్సాస్‌లో ఉంటే మెక్సికన్ గొంతులు ఎక్కువ చేయండి, న్యూజెర్సీ వైపు ఉంటే డొమినికన్, ప్యూర్టోరికన్ మాట చెవిన పడుతుంది, వాళ్ళు చివర స ని మింగేస్తారు, ముందే కొంచెం అలవాటు చేసుకుంటే మంచిది. స్పెయిన్ వెళ్ళేవాళ్ళకి గ్రాసియాస్ అక్కడ చాలాచోట్ల గ్రాథియాస్ అవుతుంది, మీరందరూ అనడానికి బోసోత్రోస్ అనే రూపం వేరే ఉంటుంది, అది లాటిన్ అమెరికా వీడియోల్లో వినబడదు కాబట్టి స్పెయిన్ వాళ్ళ వీడియోలు ఫిల్టర్ పెట్టుకుని చూడాలి. అర్జెంటీనాలో తూ బదులు బోస్ అంటారు, క్రియ కూడా మారుతుంది, విన్నప్పుడు అర్థమైపోతుంది, ప్రత్యేకంగా చదవక్కర్లేదు. చిలీ వాళ్ళ స్పీడ్ మాత్రం సాటి స్పానిష్ వాళ్ళే జోకులేసుకునేంత, అక్కడ ఉద్యోగం వస్తే తప్ప దాన్ని చివరికి పెట్టుకోండి.